మా ప్రహరీ మీద నల్లబల్ల

మా మేనకోడలు స్పందన పోయిన ఆదివారం మధ్యాహ్నం వచ్చి, భోజనం చేసి, మజ్జిగ గ్లాసు ఇంకా చేతిలో ఉండగానే, నా బ్లాగు చనిపోతున్నదని చెప్పింది. ఆమె మా తమ్ముడి కూతురు. ఇతరుల వెబ్‌సైట్లకూ బ్లాగులకూ చదువరులను పెంచిపెట్టడం ఆమె ఉద్యోగం. అందువల్ల, వైద్యుడు నాడి పట్టి చెప్పినట్టు, ఆమె ఆ మాటను ఎటువంటి తడబాటూ లేకుండా చెప్పగలిగింది. బల్ల మీద పప్పుగిన్నె పక్కకు జరిపి, ల్యాప్‌టాప్ తెరిచి, పైనుంచి కిందికి దిగుతున్న ఒక గీతను నాకు చూపించింది. ఆ గీత నా చదువరులట.

"అత్తా, ఫీల్ కాకు. నువ్వు చేస్తున్నవన్నీ కొత్త బ్లాగర్లు చేసే మిస్టేక్సే. ఫస్ట్, ఆ పేరు. 'నిన్న తెలిసినది' అని ఎవరు సెర్చ్ చేస్తారు చెప్పు?"

"వెతికేవారి కోసం పెట్టిన పేరు కాదది."

"అదే మిస్టేక్. సెకండ్, ఒకరోజు చెట్ల గురించి, ఒకరోజు డ్రైనేజీ గురించి, ఒకరోజు ఉప్పు గురించి. ఎవరి కోసం రాస్తున్నావో నీకే క్లారిటీ లేదు. హెడ్డింగు చూస్తే నిద్దరొస్తది. ఫొటో ఒక్కటి ఉండదు. అక్షరాలు చీమల్లా ఉంటాయి. రెండు వారాలు ఏమీ రాయవు, మూడో వారం వచ్చి 'కొత్తగా ఏమీ తెలియలేదు' అని ఒక్క లైన్ పెడతావు. ఎవరైనా అట్లా పెడతారా?"

"పెట్టేవారు. మీ తాత."

ఆమె నవ్వి, తెరను ఇంకొంచెం కిందికి జరిపి, కింద వ్యాఖ్యలు రాసేవారిలో ఒక పేరు మీద వేలు పెట్టింది. "ఇంకొకటి. ఈ భూమయ్య అంకుల్ ఎవరు? ప్రతి పోస్టు కిందా 'ఒప్పుకోను' అని మొదలుపెడతాడు. కొత్తగా వచ్చినవాళ్ళు అది చూసి వెళ్ళిపోతారు. ముందు ఈయన్ని బ్లాక్ చెయ్యి." ఆ తరువాత అసలు సంగతి చెప్పింది. ఒక్క నెల బ్లాగు తనకు అప్పగిస్తే, పేరు మార్చి, శీర్షికలు మార్చి, రోజుకొకటి చొప్పున తానే రాయించి, ఆ గీతను పైకి లేపుతుందట. లేకపోతే ఏడాది తిరిగేసరికి దాన్ని చదివేవారు ఉండరట. వచ్చే ఆదివారం లోపల ఆలోచించుకొని చెప్పమన్నది.

నాకు బాధ కలగలేదని రాస్తే అది అసత్యమవుతుంది. వృక్షశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన నేను, ఈ వయసులో రోజూ ఉదయం కాఫీ కంటే ముందు ఆ బ్లాగు తెరిచి, ఎవరైనా వచ్చారా అని చూస్తాను. తార్నాకలోని మా పాత ఇంటిని అపార్టుమెంటుకు ఇచ్చి, దాని ప్రహరీగోడను పగలగొట్టిన నెలలోనే ఆ బ్లాగు మొదలుపెట్టాను. 'నిన్న తెలిసినది' అన్న ఆ శీర్షిక నాది కాదు. అది అంతకుముందు ఆ గోడ మీద, మా నాన్న చేతిరాతలో ఉండేది. గోడ పోయినా శీర్షిక పోకూడదన్నదే నా పట్టుదల. కనుక చనిపోతున్నదని స్పందన చెప్పినది ఒక్క బ్లాగు గురించి మాత్రమే కాదు. అయితే చదువరుల కోసం చేసే తప్పులను నేను అంతకుముందే చూశాను. కంప్యూటరు అన్న మాట మా ఇంట్లో ఎవరికీ తెలియని కాలంలో, నా కళ్ళ ఎదుట, సుద్దముక్కతో ఒక మనిషి ఆ తప్పులన్నిటినీ వరుసగా చేశాడు. ఆమె మందులని చెప్పినవే ఆ తప్పులు.

మా నాన్న అనంతపురం నుంచి వచ్చి విశ్వవిద్యాలయం పరిపాలనా భవనంలో గుమస్తాగా చేరి, కాలక్రమాన సూపరింటెండెంటు అయినవాడు. లాలాపేట్ నుంచి క్యాంపస్‌కు నడిచే దారిలో మా ఇల్లు. ప్రహరీగోడకు వీధివైపున ఒక నిలువెత్తు చతురస్రాన్ని సిమెంటుతో నున్నగా మెత్తించి, దానికి నలుపు వేయించాడు. స్నానాల నీళ్ళు కాగే రాగి బాయిలరులోని బొగ్గులను ప్రతి ఆదివారమూ అమ్మ ఏరి ఉంచేది. వాటిని నూరి, పెరట్లోని చిక్కుడాకు పసరులో కలిపి, గుడ్డతో బల్లకు పట్టించేవాళ్ళం. ఆ పచ్చివాసన, తడి బొగ్గు వాసన, లోపలినుంచి వచ్చే బొరుగుల ఉగ్గాణి తాలింపు వాసన, ఈ మూడూ కలిస్తేనే నాకు ఇప్పటికీ ఆదివారం అనిపిస్తుంది. అవ్వ, అంటే నాన్న తల్లి, వసారాలో కాళ్ళు చాపుకొని కూర్చుని, వక్క కత్తిరించుకుంటూ, మా పూత ఎక్కడ పలచబడిందో దూరంనుంచే చెప్పేది. ఆమెకు అక్షరం రాదు. కానీ నలుపులో తేడా చీకట్లో కూడా పోల్చగలదు.

రాయడానికి ఒక పద్ధతి ఉండేది. నాన్న తెల్లవారక ముందే స్నానం చేసి, విభూతి పెట్టుకొని, ముందురోజు రాతను తడిగుడ్డతో తుడిచేవాడు. తరువాత సుద్దపొడిలో ముంచిన దారాన్ని ఒక కొస తానూ, ఇంకొక కొస నేనూ బిగించి పట్టుకొని, మధ్యలో లాగి వదిలితే బల్ల మీద తిన్నని గీత పడేది. అట్లా ఐదు గీతలు. ఐదు పంక్తులలో పట్టనిది రాయకూడదు. నీళ్ళలో నానబెట్టిన సుద్దముక్కతో రాస్తే అక్షరం ఆరిన తరువాత గాలికి రాలదు. పైన శీర్షిక, 'నిన్న తెలిసినది'. కింద, చివరి పంక్తిలో, 'చెప్పినది' అని ఆ సంగతిని తనకు ఎవరు చెప్పారో వారి పేరు. వార్తాపత్రికలో చదివినది రాయకూడదన్నది ఆయన నియమం, ఎందుకంటే పత్రిక అందరింటికీ వస్తుంది. స్వయంగా ఒక మనిషిని అడిగి తెలుసుకున్నదే గోడ ఎక్కాలి. అందుకోసం ఆయన క్యాంపస్‌లో మధ్యాహ్నం టిఫిను డబ్బా ముగించి, రోజుకొక విభాగం గుమ్మంలో నిలబడి, ఎవరో ఒకరిని ఏదో ఒకటి అడిగేవాడు. గుల్మొహరు పువ్వుకున్న ఐదు రేకులలో ఒకటి మాత్రం మిగతావాటివలె ఉండక తెల్లని చారలతో ఉంటుందన్న సంగతిని నేను మొట్టమొదట ఆ గోడ మీదనే చదివాను. ఆ సాయంత్రమే క్యాంపస్ రోడ్డు మీద రాలిన పువ్వును ఏరి విప్పి చూశాను. నేను వృక్షశాస్త్రం చదవడానికి అంతకు మించిన కారణం లేదు.

ఏమీ తెలియని రోజులూ ఉండేవి. ఆ రోజున బల్లను తుడిచి, గీతలు కొట్టి, నడుమ పంక్తిలో 'నిన్న కొత్తగా ఏమీ తెలియలేదు' అని రాసి, చెయ్యి కడుక్కొని ఆఫీసుకు వెళ్ళేవాడు. అమ్మకు అది నామర్దాగా ఉండేది. "దోవన పొయ్యేవాళ్ళు నవ్వుతారు. పాతది ఏదన్నా ఒకటి రాయరాదా?" అనేది. "నవ్వనీ. రేపు తెలిసిందని రాస్తే నమ్మల్ల గదా. దానికోసరం ఈ పొద్దు తెలీలేదని రాస్తాండా," అనేవాడు.

భూమయ్య మాకు తెలిసినది ఒక తప్పు వల్ల. అతను జనగామ వైపు వ్యవసాయ కుటుంబం నుంచి వచ్చి, లాలాపేట్‌లో గది అద్దెకు తీసుకొని, రసాయన శాస్త్రం ఎమ్మెస్సీ చదువుతుండేవాడు. ఒక ఉదయం నాన్న, మంచుగడ్డలో గాలి చేరడం వల్ల అది నీటి మీద తేలుతుందని రాసి, ఐసుబండి యజమాని పేరు వేశాడు. నాన్న గేటు దాటేలోపల ఒక సన్నని యువకుడు సంచి భుజాన వేసుకొని ఎదురు నిలబడ్డాడు.

"సార్, గిది నేను ఒప్పుకోను. గాలితోని కాదు. నీళ్ళు గడ్డకడితే జాగ ఎక్కువ తీసుకుంటయి. గందుకే తేలికైతది."

"నువ్వు చూసినావా?"

"నిండ నీళ్ళు పోసిన సీసా గడ్డకడితే పగులుతది సార్. లోపల జాగ సాలకనే గదా?"

మరునాడు నాన్న బల్ల మీద, 'మొన్న తెలిసినది తప్పు' అన్న మాటతో మొదలుపెట్టి, సరైనది రాసి, 'చెప్పినది: లాలాపేట్ నుంచి వచ్చే భూమయ్య' అని ముగించాడు. ఆ ఉదయం గోడ ముందు మామూలుకంటే ఎక్కువసేపు జనం నిలబడ్డారు. తప్పును ఒప్పుకున్న గోడను చూడడం వారికి కొత్త. ఆనాటి నుంచి భూమయ్య ప్రతి ఉదయమూ ఆగి, చదివి, సగం రోజులు ఏదో ఒకటి ఒప్పుకోకుండా పోయేవాడు. నాన్న అతని కోసం చేతిగడియారం చూసుకుంటూ గేటు దగ్గర కాచుకొని ఉండడం నాకు బాగా గుర్తు. చదివేవారు ఎందరున్నా, ఆయన ఎదురుచూసినది ఒప్పుకోనివాడి కోసం.

ఆ వేసవికి నాన్నకు కామెర్లు వచ్చాయి. వెనుకవైపు గదిలో మంచం వేసి, ఉప్పూ నూనే లేని పథ్యం పెట్టి, కదలవద్దని వైద్యుడు కట్టడి చేశాడు. అప్పటికి మా చిన్నాయన, నాన్న తమ్ముడు చంద్రశేఖరం, ఉద్యోగం వెతుక్కుంటూ మా ఇంట్లోనే ఉండేవాడు. మంచి మనిషి, మాటకారి, అన్నంటే ప్రాణం. గోడ ఆగిపోకూడదని సుద్ద తానే అందుకున్నాడు. "అన్న లేచి వచ్చేసరికి గోడ ముందర జాతర ఉండల్ల. చూస్తా ఉండు పాపా," అని నాతో అన్నాడు. ఆ మాటలో ఏ కల్మషమూ లేదు. స్పందన మాటలోనూ లేదు. నా తగవు వారి మనసులతో కాదు.

మొదట ఆయన దారాన్ని పక్కన పెట్టాడు, గీతలుంటే చూపుకు బాగుండదట. రంగు సుద్దలు తెచ్చాడు. శీర్షిక తుడిచి, ఎర్రని అక్షరాలతో, 'తార్నాకలో ఒక ఇంట్లో నిన్న ఏమి జరిగిందో తెలుసా?' అని బల్ల సగం నిండేట్టు రాశాడు. జనం ఆగారు. కింద, వంగితే తప్ప కనబడని చిన్న అక్షరాలతో, మా ఇంట్లో పిల్లి పాలు తాగిందని ఉన్నది. మొదటిరోజు నవ్వారు. రెండవరోజు అటువంటి ప్రశ్నే చూసి వంగి చదివినవారు, నడుము పట్టుకొని లేచి, మా గేటు వైపు చూసి ఏదో గొణుక్కుంటూ పోయారు. మూడవరోజు నుంచి సినిమా కబుర్లు వచ్చాయి. కుర్రవాళ్ళకని క్రికెట్టు, ఆడవాళ్ళకని వంటలు, పెద్దవాళ్ళకని పంచాంగం. ఉదయం ఒకటి, మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఒకటి. దేనికీ కింద 'చెప్పినది' లేదు, ఎందుకంటే ఎవరూ చెప్పలేదు. నాన్న గోడ మీద కూడా ఒకరోజు ఇనుము, ఒకరోజు పువ్వు, ఒకరోజు మంచు ఉండేవి. కానీ వాటన్నిటి వెనుక అడిగిన మనిషి ఒక్కడే. విషయాలు ఎన్నయినా ఉండవచ్చు, అడిగే మనిషి మాత్రం ఒకడై ఉండాలి. చిన్నాయన రాతలో అందరికీ ఏదో ఒకటి ఉన్నది, రాసిన మనిషి మాత్రం లేడు.

ఆయనకు లెక్క కావలసివచ్చింది. అవ్వ అచ్చనగాయలకని దాచుకున్న చింతపిక్కలను తీసుకొని, గేటు లోపలి అరుగు మీద కూర్చుని, బయట ఒకరు ఆగినప్పుడల్లా ఒక పిక్కను డాల్డా డబ్బాలో వేసేవాడు. సాయంత్రానికి డబ్బాను ఊపి, ఆ చప్పుడు అందరికీ వినిపించేవాడు. మా గోడకు కొంచెం అవతలనే సిటీ బస్సు ఆగుతుంది.

"నిలబడినోళ్ళంతా చదివినోళ్ళేనా నాయనా?" అని అవ్వ వక్క నములుతూ అడిగింది. "ఇందాక కట్టెల బండి ఎద్దు గూడా గోడకాడ నిలబడినాది. దానికీ ఒక పిక్క ఏసినావా?"

"నీకు తెలీదులే మా. డబ్బా నిండితే చాలు."

"నిండితే పులుసు చేసుకోనీకి గూడా పనికిరావు గదరా పిక్కలు."

డబ్బా నిండుతున్న కొద్దీ ఆయన ఆకలి పెరిగింది. చౌరస్తాలోని ఇరానీ హోటలు గోడ మీద, సైకిలు దుకాణం తలుపు మీద, ఎవరినీ అడగకుండా 'తార్నాక గోడ చదవండి' అని సుద్దతో రాసి వచ్చాడు. హోటలు యజమాని మనిషిని పంపి తిట్టించాడు. తరువాత వీధి చివరి టైలరు వచ్చి బల్ల మూలన తన దుకాణం పేరు రాయమన్నాడు. మూల కాస్తా పక్కగా, పక్క కాస్తా సగంగా మారింది. అమ్మ ఇవన్నీ నాన్న చెవిన పడనీయలేదు. వెనుకగదిలోకి వీధి చప్పుడు వినబడేది. "జనం ఉండారే," అని ఆయన సంతోషపడేవాడు. ఆ చప్పుడులో 'ఒప్పుకోను' అన్న గొంతు లేదన్నది నేను గమనించాను. భూమయ్య రోజూ ఆ దారిన నడుస్తూనే ఉన్నాడు. చూసేవాడు, ఆగేవాడు కాదు.

ఆగిన రోజున అనర్థం జరిగింది. బస్టాపులో ఇద్దరు విద్యార్థులు మాట్లాడుకుంటుండగా చిన్నాయన చెవిన ఒక ముక్క పడింది. అది ఏ కోర్సు సంగతో, ఏ కాలేజీ సంగతో ఆయన అడగలేదు. సాయంత్రపు రాతలో, 'విశ్వవిద్యాలయంలో రేపటి పరీక్షలు వాయిదా' అని ఎర్రసుద్దతో రాశాడు. మిగతా పిల్లలు చదివి, ఒకరినొకరు విచారించుకొని, అబద్ధమని తెలుసుకొని నవ్వుకున్నారు. భూమయ్య మాత్రం లైబ్రరీ నుంచి తిరిగి వస్తూ దాన్ని చదివి, గదికి పోయి, మరునాడు ఉదయం బట్టలు ఉతుక్కున్నాడు. ఆ ఉదయమే అతని ప్రాక్టికల్ పరీక్ష.

మధ్యాహ్నానికి అతను మా గేటు ముందు నిలబడ్డాడు. అరవలేదు. అరిచి ఉంటే మాకు తేలికగా ఉండేది. చిన్నాయన ఎదురుపోయి, "ఎవురన్నా ఒకర్ని అడగల్ల గదప్పా," అన్నాడు.

"ఏ గోడనన్న ఉంటె అడుగుతుంటి," అన్నాడు భూమయ్య. "గీ గోడను ఎవ్వరినేమడగాలె? కింద చెప్పినోళ్ళ పేరు లేకుంటె, సార్ పరిపాలనా భవనంల ఉంటరు గదా, సారే చెప్పిండ్రనుకున్న. ఇగ నా సంవత్సరం పోయినట్టే."

వెనుకగది తలుపు తెరుచుకున్నది. నాన్న దుప్పటి కప్పుకొని, గోడను పట్టుకొని వచ్చి, సంగతంతా విన్నాడు. అమ్మ వద్దంటున్నా చొక్కా తొడుక్కున్నాడు. రిక్షా పిలిపించి, భూమయ్యను పక్కన కూర్చోబెట్టుకొని, పట్టుకోవడానికి నన్ను వెంట తీసుకొని క్యాంపస్‌కు బయలుదేరాడు. గేటు దాటినప్పుడు గోడను చూశాడు. రంగురంగుల అక్షరాలు, సగం టైలరు దుకాణం. రసాయన శాస్త్ర విభాగంలో కుళ్ళిన గుడ్ల వంటి వాయువు వాసన వరండా దాకా కమ్ముకొని ఉన్నది. విభాగాధిపతి మా నాన్న పచ్చని కళ్ళను చూసి కుర్చీ వేయించాడు గాని, సంగతి విన్న తరువాత ముఖం గంటు పెట్టుకున్నాడు.

"గోడ మీద రాతలు చూసి పరీక్ష మానేసేవాడు ఎమ్మెస్సీ ఎట్లా చేస్తాడండీ?"

"గోడ మీద రాతలు కాదు సార్, నా రాతలు," అన్నాడు నాన్న. "తప్పు రాస్తే మరుసటి దినం దిద్దుతానని ఈ పిల్లోనికి తెలుసు. నమ్మేటట్ల ఇన్నాళ్ళూ రాసింది నేనే. ఈ తూరి నేను దిద్దేలోపల వాని పరీక్ష అయిపోయినాది. దిద్దేది మీ చేతిలో ఉండాది."

విభాగాధిపతి ఏదో కాగితం తిరగేశాడు. మా నాన్న ఊపిరి బరువుగా తీస్తున్నాడు. భూమయ్య తల ఎత్తలేదు. చివరకు, "రేపు రెండో బ్యాచి ఉంది. అందులో కూర్చోమనండి," అని, మేము గుమ్మం దాటుతుండగా వెనుకనుంచి, "సూపరింటెండెంటు గారూ, మీ గోడ నేనూ చూస్తుంటాను. ముందా టైలరును తీసేయించండి," అన్నాడు.

ఇంటికి వచ్చి నాన్న మంచం ఎక్కలేదు. బల్లంతా తడిగుడ్డతో తానే తుడిచాడు. రంగుసుద్ద మరకలు పోవడానికి అమ్మ బూడిద తెచ్చి ఇచ్చింది. సుద్దదారం తీసి, ఒక కొస చిన్నాయన చేతికి ఇచ్చాడు. చిన్నాయన దాన్ని వదులుగా పట్టుకున్నాడు. "బిగించి పట్టుకోరా. వదులైతే గీత వంకరపోతాది," అన్నాడు నాన్న. తమ్ముడితో ఆ విషయమై ఆయన మాట్లాడినది ఆ ఒక్కమాటే. గోడ మీద మాత్రం ఇట్లా రాశాడు: 'పరీక్షలు వాయిదా అన్నది అబద్ధం. రాసిన చెయ్యి ఎవరిదైనా గోడ నాది. చెప్పినది: నేను.' శీర్షిక మళ్ళీ పాత శీర్షికే.

జాతర రెండురోజులలో చెదిరిపోయింది. మ్యాట్నీ సంగతుల కోసం వచ్చే ఒక కుర్రవాడు గేటులోకి తల పెట్టి, "ఏంది సార్, సినిమా ముచ్చట్లు బందు వెట్టిండ్రా? గిట్లయితే గీడ ఎవ్వడు ఆగడు," అన్నాడు. "ఆగద్దులేప్పా. బస్సు వస్తాంది, పో," అన్నాడు నాన్న. పాతవారు కూడా వెంటనే రాలేదు. కొందరు ఎప్పటికీ రాలేదు. కొన్ని ఉదయాలు ఆ ఐదు పంక్తులను రాసినవాడూ, దారం పట్టిన నేనూ తప్ప చదివినవారు లేరు. అయినా ఆయన గీతలు తిన్నగా కొట్టాడు, సుద్ద నానబెట్టాడు, పేర్లు వేశాడు. పరీక్ష ముగించుకొని భూమయ్య వచ్చి, రాసినదంతా చదివి, చివరకు, "సార్, మూడో పంక్తి నేను ఒప్పుకోను," అన్ననాడు అవ్వ డాల్డా డబ్బాను నా ఒడిలో కుమ్మరించి, అచ్చనగాయలు ఆడుకోమన్నది.

ఇప్పుడు ఆ గోడ ఉన్న చోట నున్నని గ్రానైటు రాయి మీద అపార్టుమెంటు పేరు ఇత్తడి అక్షరాలతో ఉన్నది. దాని ముందు ఎవరూ ఆగరు, ఆగవలసిన పని లేదు. లాలాపేట్ నుంచి క్యాంపస్‌కు నడిచే పిల్లలు ఇప్పటికీ ఉన్నారు, వారి చూపులు చేతిలోని ఫోన్లలో ఉన్నాయి. ఆ ఫోన్లలో ఏమున్నదో నేనూ చూస్తుంటాను. చిన్నాయన ఎర్రసుద్దతో రాసిన ప్రశ్నే ప్రతి తెర మీదా ఉన్నది, కింద పిల్లి పాలు తాగడమూ ఉన్నది. ఒకరి గోడల మీద ఒకరు అడగకుండా రాసుకోవడమూ, సగం తెరను ఆక్రమించిన టైలరూ, చప్పుడు చేసే డబ్బా, అన్నీ ఉన్నాయి. చదువరులను పెంచుకోవాలని చేసే తప్పులేవని ఎవరైనా అడిగితే నేను చెప్పగలిగినది ఒక్కటే. ఆగినవాడిని లెక్కపెట్టి నమ్మినవాడిని పోగొట్టుకోవడం. మిగిలిన తప్పులన్నీ దాని పిల్లలు. క్రమం తప్పకుండా రాయాలని స్పందన అన్నది. తెలియనినాడు తెలియలేదని రాయడం కూడా క్రమమేనని నా వాదం. అంతకంటే కఠినమైన క్రమం నాకు తెలియదు. భూమయ్యను తీసివేయమన్నది. పదవీ విరమణ చేసి మౌలాలిలో ఉంటున్న ఆయన కోసం నేను రోజూ కాఫీ ఆపుకొని ఎదురుచూస్తాను. ఆ గీత నేల మీదికి దిగి, చివరికి ఆయన ఒక్కడే మిగిలితే, ఆయన ఒక్కడికే రాస్తాను. గోడకు అంతకంటే తక్కువమంది ఉన్న రోజులు నేను చూశాను.

ఆ వారమంతా నేను అడిగినవారు ఎవరూ నాకు తెలియనిది చెప్పలేదు. శనివారం ఉదయం బ్లాగు తెరిచి, 'ఈ వారం కొత్తగా ఏమీ తెలియలేదు' అని రాసి ప్రచురించాను. అదే స్పందనకు నా జవాబు అనుకున్నాను. మధ్యాహ్నానికి దాని కింద భూమయ్య రాశారు: 'ఒప్పుకోను. మీ మేనకోడలు వచ్చి చానా తప్పులు చెప్పిపోయిందని మొన్న ఫోన్ల మీరే అన్నరు. అండ్ల ఒక్కటన్న నిజం ఉండదా మేడం? ఉంటె రాయుండ్రి. చెప్పినోళ్ళ పేరు ఇడువకుండ్రి.'

స్పందన చీమలన్న అక్షరాలు గుర్తుకు వచ్చి, కళ్ళజోడు తీసి, నా బ్లాగును నేను చదవబోయాను. చదవలేకపోయాను. వెంటనే పాత వాక్యాన్ని దిద్ది, అక్షరాల పరిమాణం పెంచి, ఇట్లా రాశాను: 'ఈ వారం తెలిసినది: నా బ్లాగులో అక్షరాలు మరీ చిన్నవి. ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పనందువల్ల పెద్దవి చేయలేదు. చెప్పినది: స్పందన, మా తమ్ముడి కూతురు.'

ఆదివారం ఆమె ఫోను చేసింది.

"అత్తా, అన్ని మిస్టేక్స్ చెప్తే ఒక్కటే రాశావా?"

"తెలిసినది ఒక్కటే."

"మరి పేరు?"

"మారదు."

"ఆ అంకుల్?"

"ఉంటాడు."

ఆమె గొంతులో నవ్వు వినిపించింది. "సరేలే. నీ బ్లాగు, నీ ఇష్టం. కానీ అత్తా, ఇప్పుడు అక్షరాలు బాగున్నాయి. అమ్మ కూడా చూసింది."

"చదివిందా, ఊరికే నిలబడిందా?"

"ఏంటి?"

"మీ అమ్మ. చదివిందా?"

"చదివింది. చదివి, రెండో వాక్యం అబద్ధం అంటోంది. అక్షరాలు కనబడట్లేదని పోయినేడాది ఉగాదికి తనే నీకు చెప్పిందట, నువ్వే పట్టించుకోలేదట."

అయితే చదివింది. మరునాడు ఉదయం, కాఫీ కంటే ముందు, ఆ రెండవ వాక్యాన్ని కొట్టివేసి, స్పందన పేరుకు పైన మా మరదలి పేరు చేర్చాను.